కొత్త ఫోనుకు అసలు పోటీ పాత ఫోనే

2019 జనవరి 2న యాపిల్ అధిపతి టిమ్ కుక్ మదుపరులకు ఒక ఉత్తరం రాశారు. అంతకుముందు మూడు నెలల్లో 8,900 కోట్ల నుంచి 9,300 కోట్ల డాలర్ల దాకా రాబడి ఉంటుందని కంపెనీ ముందే అంచనా చెప్పింది. తీరా చూస్తే అది 8,400 కోట్ల దగ్గర ఆగింది. ఎందుకు ఆగిందో సంజాయిషీ ఇచ్చుకోవడానికే ఆ ఉత్తరం. చైనాలో మందగమనం, డాలరు బలపడటం, టెలికాం కంపెనీలు ఫోన్ల మీద ఇచ్చే రాయితీలు తగ్గిపోవడం అని వరుసగా చెప్పుకొస్తూ, మధ్యలో ఇంకో కారణం కూడా చేర్చారు. కొందరు వినియోగదారులు తగ్గింపు ధరకు బ్యాటరీలు మార్పించుకున్నారట.

దీని వెనుక ఏడాది కథ ఉంది. బ్యాటరీ బలహీనపడిన పాత ఐఫోన్లు ఉన్నట్టుండి ఆగిపోకుండా వాటి వేగాన్ని సాఫ్ట్‌వేర్‌తో తగ్గిస్తున్నామని 2017 డిసెంబరులో యాపిల్ ఒప్పుకుంది. ఫోను నెమ్మదించింది, ఇక మార్చక తప్పదు అనుకున్నవాళ్లకు అప్పుడు గాని అసలు సంగతి తెలియలేదు. ఫోను బాగానే ఉంది, అలసిపోయింది బ్యాటరీ. గొడవ సద్దుమణగడానికి, అంతవరకు 79 డాలర్లు ఉన్న బ్యాటరీ మార్పిడిని 2018 అంతా 29 డాలర్లకే చేసిపెట్టారు. దాంతో వెయ్యి డాలర్ల కొత్త ఫోను కొనబోయి ఆగినవాళ్లు మదుపరుల ఉత్తరానికి ఎక్కేటంత మంది తేలారు. ఆ వేగం తగ్గింపు సంగతి కొనుగోలుదారులకు ముందుగా చెప్పనందుకు ఫ్రాన్స్ వినియోగదారుల రక్షణ విభాగం 2020 ఫిబ్రవరిలో రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది.

ఫోన్ల ధరల మీద జనంలో ఉన్న విసుగును అర్థం చేసుకోవడానికి ఈ ఉత్తరం కంటే మంచి ఆధారం దొరకదు. ఏటా విడుదలయ్యే కొత్త ఫోను భయపడేది పక్క కంపెనీ ఫోనును చూసి కాదు. ఇప్పటికే జేబులో ఉన్న ఫోనును చూసి. పక్క కంపెనీ ఎందుకు భయపెట్టలేకపోతోందన్నది అసలు ప్రశ్న.

పేర్లు పది, పునాదులు రెండు

2010 ప్రాంతంలో ఫోను కొనబోయినవాడి ముందు నిజంగానే వేర్వేరు దారులు ఉండేవి. నోకియా సింబియన్, బ్లాక్‌బెర్రీ, ఐఫోన్, ఆండ్రాయిడ్, విండోస్ ఫోన్, పామ్ వారి వెబ్‌ఓఎస్, శాంసంగ్ వారి బడా. వీటిలో కొన్ని వాడటం తలనొప్పే, ఆ మాట దాచాల్సిన పని లేదు. కానీ ఒకటి నచ్చకపోతే ఇంకొకటి ఉండేది. ఇప్పుడు ఫోను ముఖం మీద పేరు ఏదైనా లోపల దాదాపు ఎప్పుడూ గూగుల్ వారి ఆండ్రాయిడ్, యాపిల్ వారి ఐఓఎస్‌లలో ఒకటే ఉంటుంది. మూడోదిగా తన విండోస్ ఫోనును నిలబెట్టాలని మైక్రోసాఫ్ట్ వంటి సంపన్న కంపెనీ నోకియా ఫోన్ల వ్యాపారాన్నే కొనేసింది. 2015లో 760 కోట్ల డాలర్లను నష్టం కింద రాసేసుకుని చేతులు దులుపుకుంది. విండోస్ ఫోను పనితీరులో తీసికట్టు కాదు. దానికి యాప్‌లు లేవు. వాడేవాళ్లు లేరని యాప్‌లు రాయలేదు, యాప్‌లు లేవని వాడేవాళ్లు రాలేదు. 2019 చివర్లో వాట్సాప్ కూడా దానికి సెలవు చెప్పింది. వాట్సాప్ రాని ఫోనును ఉచితంగా ఇచ్చినా ఎవరు తీసుకుంటారు?

ఆండ్రాయిడ్‌ను ఎవరైనా తీసుకుని తమకు నచ్చినట్టు మలుచుకోవచ్చని పేరు. ఆచరణలో ఆ స్వేచ్ఛకు ఒప్పందాల కళ్లేలు ఉన్నాయని యూరోపియన్ కమిషన్ 2018లో తేల్చింది. ప్లే స్టోర్ కావాలంటే గూగుల్ సెర్చ్, క్రోమ్ కూడా ముందే పెట్టి అమ్మాల్సి వచ్చేది. గూగుల్ ఆమోదించని ఆండ్రాయిడ్ రకాలతో ఒక్క ఫోను కూడా తయారు చేయకూడదనేవారు. ఈ షరతులకుగాను వేసిన జరిమానా 434 కోట్ల యూరోలు. 2022లో కోర్టు దాన్ని 412.5 కోట్లకు కాస్త తగ్గించింది. డబ్బు సంగతి అలా ఉంచితే, మూడో దారి పుట్టకముందే ఎలా మూసుకుపోయిందో ఆ తీర్పులో కనిపిస్తుంది.

ఫోన్లు తయారు చేసేవాళ్ల సంఖ్య కూడా పైకి కనిపించినంత లేదు. ఒకప్పుడు ఆండ్రాయిడ్‌కు ముఖచిత్రంలా ఉన్న హెచ్‌టీసీ తన ఇంజినీర్ల బృందంలో పెద్ద భాగాన్ని 2017లో 110 కోట్ల డాలర్లకు గూగుల్‌కు అప్పగించింది. ఎల్‌జీ దాదాపు ఆరేళ్లపాటు నష్టాలు మోసి, మొత్తం 450 కోట్ల డాలర్ల దాకా పోగొట్టుకుని 2021 ఏప్రిల్‌లో ఫోన్ల దుకాణం కట్టేస్తున్నామని ప్రకటించింది. ఇప్పుడు చాలా ఫోన్లలో కనిపించే వెడల్పు దృశ్యాల కెమెరాను ఎల్‌జీ 2016లోనే జీ5 వెనక పెట్టింది. కొత్త ఆలోచన ఒకరిదైతే ఫలం ఇంకొకరిది కావడం ఈ రంగంలో మామూలే. హువావే కథ వేరు. 2020లో ఒక త్రైమాసికంపాటు శాంసంగ్‌ను దాటి ప్రపంచంలో మొదటి స్థానానికి వచ్చిన ఆ కంపెనీ, 2019 నుంచి అమెరికా విధిస్తూ వచ్చిన వాణిజ్య ఆంక్షల వల్ల గూగుల్ సేవలు, అధునాతన చిప్‌లు అందక చైనా బయట దాదాపు కనుమరుగైంది. కారణం వ్యాపారమైనా రాజకీయమైనా, ఖరీదైన ఫోన్ల వరుసలో ఒక గట్టి పేరు తగ్గితే మిగిలినవాళ్లకు ఊపిరి ఆడుతుంది.

తెర వెనుక తెరలు

ఇక ఫోను విప్పి చూస్తే లోపల పోటీ ఇంకా పలచన. మెమరీ (ర్యామ్) చిప్‌లు ప్రధానంగా మూడు కంపెనీల నుంచే వస్తాయి: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. మెమరీ వ్యాపారంలో వేళ్ల మీద లెక్కించేంత మంది కలిసి ఏం చేయగలరో గతంలో రుజువైంది. ధరలు కూడబలుక్కున్న నేరాన్ని ఒప్పుకుని 2005లో అమెరికాలో శాంసంగ్ 30 కోట్ల డాలర్లు, హైనిక్స్ 18.5 కోట్ల డాలర్లు జరిమానా కట్టాయి. ఇప్పుడు కూడబలుక్కోవలసిన అవసరమూ లేదు. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా కేంద్రాలు మెమరీని పెద్ద ఎత్తున మింగేస్తుంటే 2025 చివరికి దాని ధర బాగా పెరిగింది. ఎక్కువ లాభం వచ్చే గిరాకీ వైపు ఆ మూడు కంపెనీలు మొగ్గు చూపితే ఫోన్ల తయారీదారులు వెళ్లి తలుపు తట్టడానికి నాలుగో ఇల్లు లేనట్టే. ఈ దెబ్బ ముందుగా తగిలేది చౌక ఫోన్లకే. వాటిలో మెమరీ ఖర్చు వాటా ఎక్కువ, సర్దుకోవడానికి లాభం తక్కువ.

ప్రధాన చిప్ సంగతీ అంతే. యాపిల్, క్వాల్‌కామ్, మీడియాటెక్ తమ చిప్‌లను వేర్వేరుగానే రూపొందిస్తాయి. కానీ వాటిలో అత్యంత అధునాతనమైనవి దాదాపు అన్నీ తైవాన్ కంపెనీ టీఎస్ఎంసీ కర్మాగారాల్లోనే తయారవుతాయి. పేటెంట్ల రాయల్టీ ఇంకో విచిత్రం. క్వాల్‌కామ్ తన పేటెంట్లకు రుసుమును చిప్ ధర మీద లెక్కించదు, కొంత పరిమితికి లోబడి మొత్తం ఫోను ధర మీద శాతంగా వసూలు చేస్తుంది. ఆ పరిమితి దాటే వరకు, మంచి కెమెరా పెట్టి ధర పెంచితే కెమెరాతో ఏ సంబంధమూ లేని పేటెంటు రుసుమూ పెరుగుతుంది. ఈ కంపెనీ పద్ధతులు పోటీకి విరుద్ధమని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వేసిన కేసులో 2019లో కింది కోర్టు కమిషన్ వైపే తీర్పు చెప్పింది. 2020లో పై కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. కాబట్టి చట్టం దృష్టిలో అది తప్పు కాదు. కొనేవాడి జేబు దృష్టిలో తప్పా కాదా అన్నది వేరే విచారణ.

999

పోటీ పలచబడితే ధరలు ఎలా ప్రవర్తిస్తాయో చూడటానికి ఒక్క అంకె చాలు. 2017లో ఐఫోన్ టెన్ అమెరికాలో 999 డాలర్లకు వచ్చింది. ఫోనుకు వెయ్యి డాలర్లా అని అప్పట్లో ముక్కున వేలేసుకున్నారు. 2019లో ఐఫోన్ 11 ప్రో, 2020లో శాంసంగ్ ఎస్20, 2023లో గూగుల్ పిక్సెల్ 8 ప్రో, అన్నీ 999 దగ్గరే మొదలయ్యాయి. వీళ్లెవరూ ఒక గదిలో కూర్చుని మాట్లాడుకోనక్కర్లేదు. కొద్దిమందే ఉన్న సంతలో ఒకరు ధర పైకి జరిపి, కొనేవాళ్లు పారిపోలేదని తేలితే మిగిలినవాళ్లకు అదే సంకేతం. ధర తగ్గించి పోటీ పడితే అందరి లాభమూ పోతుందని అందరికీ తెలుసు.

తగ్గించిన సందర్భమూ ఒకటి ఉంది, అదింకా బోధప్రదం. 2021 జనవరిలో శాంసంగ్ ఎస్21ను 799 డాలర్లకు తెచ్చింది. ఏడాదిలో రెండు వందల డాలర్లు తగ్గడం చిన్న విషయం కాదు. అయితే పెట్టె తెరిచి చూస్తే వెనక గాజు పోయి ప్లాస్టిక్ వచ్చింది. మెమరీ కార్డు పెట్టుకునే అర మాయమైంది. తెర స్పష్టత తగ్గింది. ఛార్జరు అసలే లేదు. అంతకు మూడు నెలల ముందు ఛార్జరు లేకుండా ఐఫోన్ 12 వస్తే సామాజిక మాధ్యమాల్లో ఎకసెక్కాలాడింది ఇదే శాంసంగ్. హెడ్‌ఫోన్ రంధ్రం విషయంలోనూ ఇదే వరుస. యాపిల్ 2016లో తీసేస్తే నవ్వారు, 2019లో నోట్ 10లో వీళ్లూ తీసేశారు. నిజమైన పోటీ ఉన్నచోట ఒకరు తీసేసినదాన్ని ఇంకొకరు అట్టేపెట్టుకుని కొనుగోలుదారులను లాక్కుంటారు. ఇక్కడ తీసేయడంలోనే పోటీ.

మెమరీ కార్డు అర పోవడం వల్ల నష్టం ఏమిటో ఫోను కొనేటప్పుడు స్పష్టంగా కనిపిస్తుంది. ఒకే ఫోను, ఒకే రంగు, మూడు ధరలు. తేడా అంతా లోపలి నిల్వ సామర్థ్యంలోనే. 128 జీబీ నుంచి 256కు వెళ్లడానికి చాలా ఫోన్లలో వంద డాలర్ల దాకా అదనంగా అడుగుతూ వచ్చారు. అదే సామర్థ్యం ఉన్న కార్డు విడిగా అందులో కొంత భాగానికే దొరుకుతుంది, కాకపోతే పెట్టుకోవడానికి చోటు లేదు. వేగంలో లోపలి నిల్వ మెరుగైన మాట నిజమే, కానీ ఫొటోలు దాచుకోవడానికి ఆ వేగం ఎంతమందికి కావాలి? కొనేవాడు మొదటి మెట్టు దగ్గర ఆగి లెక్క వేస్తాడు. రెండేళ్లకు నిండిపోతుందేమో, ఇంత పెట్టి కొంటూ వందకు చూసుకోవడం ఎందుకు అనుకుంటాడు. రెండో మెట్టు ఎక్కుతాడు. మొదటి మెట్టు ఇబ్బందిగా ఉండేటట్టు కట్టిందే అందుకని అతనికీ లీలగా తెలుసు. విసుగు అక్కడే మొదలవుతుంది. మొత్తం ధర కంటే ఈ చివరి వందే ఎక్కువ మండిస్తుంది.

కింది మెట్లు కూడా మెల్లగా పైకి జరుగుతున్నాయి. యాపిల్ చౌక ఫోను ఎస్ఈ 2016లోనూ 2020లోనూ 399 డాలర్లు, 2022లో 429. 2025లో దాని స్థానంలో వచ్చిన 16ఈ ధర 599. పెద్ద కంపెనీల ధరలకు ప్రత్యామ్నాయంగా 2014లో 299 డాలర్లతో పుట్టిన వన్‌ప్లస్ ఆరేళ్లు తిరిగేసరికి 899 డాలర్ల ఫోను అమ్మింది. సవాలు విసరడానికి వచ్చినవాడు కాస్త పేరు రాగానే పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ఇంతా చెప్పాక ఎదుటి వాదన కూడా వినాలి. ధరల పెరుగుదలను లెక్కలోకి తీసుకుంటే 2017 నాటి 999 డాలర్ల కంటే 2024 నాటి 999 డాలర్లు తక్కువ బరువు. కెమెరా, మ్యాపు, టార్చి, సంగీతం, చిన్న కంప్యూటర్ అన్నీ ఒక్కదానిలోకి వచ్చాయి. చౌక ఫోన్లలో పోటీ ఇప్పటికీ భీకరంగానే ఉంది, పదేళ్ల కిందటి ఖరీదైన ఫోను చేయలేని పనులు ఇవాళ్టి మామూలు ఫోను చేస్తుంది. ఇవన్నీ నిజాలే. అయితే చౌక ఫోన్ల ధర వెనుక ఇంకో లెక్క ఉంది. తమ ఫోన్ల వంటి వస్తువుల మీద నికర లాభం అయిదు శాతం దాటనివ్వమని షియోమీ 2018లో ప్రకటించింది. ఆ తగ్గింపులో కొంత భాగం ఫోనులో వచ్చే ప్రకటనల ద్వారా తిరిగి రాబట్టుకుంటుంది. ధర తగ్గింది, మిగతాది చూపుతో కడుతున్నాం. ఇక పోటీ భీకరంగా ఉన్న ఆ వరుసలోనూ అరచేతిలో ఇమిడే చిన్న ఫోను, చేత్తో తీసి మార్చుకునే బ్యాటరీ అడిగితే దాదాపు ఖాళీ చేతులే. చిన్న ఐఫోన్ మినీ కూడా 2023లో అటకెక్కింది.

గోడ దూకాలంటే

ధర నచ్చకపోతే అవతలి ఫోనుకు మారొచ్చు కదా అనేవాళ్లు ఒకసారి మారి చూడాలి. ఫొటోలు ఎలాగో వస్తాయి. డబ్బు పెట్టి కొన్న యాప్‌లు రావు, మళ్లీ కొనాలి. యాపిల్ చేతి గడియారం ఆండ్రాయిడ్ ఫోనుతో పలకదు, కాబట్టి ఫోనుతోపాటు గడియారమూ మారాలి. పాస్‌వర్డులు, ఏళ్ల తరబడి సంభాషణలు, ఇంట్లో అందరూ పంచుకునే నిల్వ చందా, ఒక్కొక్కటి ఒక్కో ముడి. ఈ ముడులన్నీ సాంకేతిక అవసరం వల్ల పడినవి కావని అమెరికా న్యాయశాఖ 2024 మార్చిలో యాపిల్ మీద వేసిన దావాలో ఆరోపించింది. ఆ దావాలో ప్రస్తావించిన ఒక సంఘటన చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2022లో ఒక సభలో ఒకాయన లేచి, తాను పంపే వీడియోలు ఆండ్రాయిడ్ వాడే తన తల్లికి సరిగా కనిపించడం లేదని చెబితే, మీ అమ్మకు ఐఫోన్ కొనివ్వండి అన్నారు టిమ్ కుక్. సభలో నవ్వులు. సందేశాల నాణ్యతను మెరుగుపరిచే ఉమ్మడి ప్రమాణాన్ని ఐఫోన్ ఎట్టకేలకు 2024 సెప్టెంబరులో అందుకుంది.

ఇంకో కోణం పెద్దగా చర్చకు రాదు. ఫోను అమ్మిన తరువాత కూడా దాని మీద ఆదాయం వస్తూనే ఉంటుంది. ఐఫోన్‌లో గూగుల్ సెర్చ్‌ను ముందే ఎంచి ఉంచే ఏర్పాటుకు గూగుల్ ఒక్క 2022లోనే యాపిల్‌కు 2,000 కోట్ల డాలర్లు చెల్లించినట్టు అమెరికాలో జరిగిన కేసు విచారణలో బయటపడింది. యాప్ స్టోర్ అమ్మకాల మీద కమిషను, చాలాచోట్ల 15 నుంచి 30 శాతం దాకా, దానికి అదనం. ఒక వస్తువు అమ్ముడయ్యాక ఇంత తెచ్చిపెడుతుంటే, పోటీ గట్టిగా ఉన్న చోట వస్తువు ధర తగ్గాలి. ప్రింటర్ల వ్యాపారం అలాగే నడుస్తుంది, ప్రింటరు చౌక, సిరా ఖరీదు. ఖరీదైన ఫోన్లలో మాత్రం ప్రింటరూ ఖరీదే, సిరా కూడా ఖరీదే. ధరలు ఎక్కువ అనే ఫిర్యాదుకు ఇంతకంటే గట్టి లెక్క నాకు కనిపించలేదు.

అందుకే కొనుగోలుదారులకు దొరికిన ఏకైక ఆయుధం కొనకపోవడం. ఫోన్లు మార్చుకునే వ్యవధి పెరుగుతూ వస్తోంది. పాత ఫోన్లను బాగుచేసి అమ్మే వ్యాపారం పెరిగింది. ఎన్ని ఐఫోన్లు అమ్ముడయ్యాయో మూడు నెలలకోసారి చెప్పే అలవాటును యాపిల్ 2018 చివర్లో మానుకోవడం యాదృచ్ఛికం అనిపించదు. చట్టాలు కూడా కొత్త పోటీదారును పుట్టించే పని వదిలేసి పాత ఫోనుకు ఆయుష్షు పోసే పని పట్టుకున్నాయి. 2025 జూన్ 20 నుంచి యూరప్‌లో అమ్మే కొత్త రకం ఫోన్లకు అమ్మకాలు ఆగిన తరువాత ఏడేళ్లు విడిభాగాలు, అయిదేళ్లు సాఫ్ట్‌వేర్ నవీకరణలు అందాలి. బ్యాటరీ 800 సార్లు ఛార్జి చేశాక కూడా 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలి. అసలైన భాగమే అయినా కంపెనీ అనుమతి లేకుండా బిగిస్తే ఫోను మొరాయించే పద్ధతిని అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రం 2024లో చేసిన చట్టంతో నిషేధించింది. గూగుల్ 2023లో, శాంసంగ్ 2024లో తమ ఖరీదైన ఫోన్లకు ఏడేళ్ల నవీకరణలు ప్రకటించాయి. తీసేయడంలో కాకుండా ఇవ్వడంలో ఈ రెండు కంపెనీలు పోటీ పడిన అరుదైన సందర్భం ఇది.

ఏడేళ్లు నవీకరణలు వచ్చే ఫోనులో బ్యాటరీ మూడు నాలుగేళ్లకు అలసిపోతుంది. అంటే ఆ ఫోను ఏడేళ్లు బతుకుతుందా, మధ్యలోనే మూలన పడుతుందా అన్నది బ్యాటరీ మార్పిడికి ఎంత అడుగుతారన్న దాని మీద ఆధారపడుతుంది. 2018లో యాపిల్ 29 డాలర్లకు చేసిన ఆ పనికి, మరుసటి ఏడాది ఐఫోన్ టెన్, దాని తరువాతి ఫోన్ల విషయంలో 69 డాలర్లు పుచ్చుకుంది. 2023 మార్చిలో అది 89 అయింది. ఐఫోన్ 16 ప్రో వచ్చేసరికి 119.